నూకరత్నమ్మ కాలూ, నా చోడి సాక్ష్యమూ

సర్వోన్నతుడైన దేవునికి మహిమ కలుగు గాక. అంత సముద్రాన్నీ ఇసుక గట్టు దగ్గర ఆపిన దేవునికి స్తోత్రం. గుప్పెడు చోడి గింజలు చల్లితే కొండవాలు నిండా వెన్నులు వంచే దేవునికి స్తోత్రం. మూర్ఖుణ్ణి అక్కడికక్కడే శిక్షించకుండా, వాడి మూర్ఖత్వాన్ని వాడే రాసి అచ్చు వేయించుకునేంత కాలం బతకనిచ్చే దేవునికి మరీ మరీ స్తోత్రం. ఆ మూడో స్తోత్రం నా బాపతు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోరం. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను. కానీ మధ్యలో ఒకచోట మీకు ఒళ్ళు మండుతుంది. అప్పుడు నవ్వు ఆపి తిట్టండి. మొహమాటపడకండి. అయిదారేళ్ళ కిందటి ఆ ప్రసాదు గాడు, అంటే అప్పటి నేను, ఇవాళ దువ్వాడ స్టేషన్లో నాకెదురైతే, వాడి చెవి మెలిపెట్టి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం నుంచి చివరి ప్లాట్‌ఫారం దాకా ఈడ్చుకుపోయేవాణ్ణి. రైలు తప్పిపోయినా సరే.

వాడి వయసు అప్పుడు ఇరవై ఆరు. మా నాన్న కాకినాడ దగ్గరి పల్లె నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికొచ్చి, దువ్వాడలో చిన్న ఇల్లు కట్టుకుని ఇక్కడే పాతుకుపోయాడు. నేను పుట్టింది ఇక్కడే, పెరిగింది చర్చి సంఘంలో. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పడంలో మొదటి బహుమతి నాదే. యవ్వనస్థుల కూటానికి కార్యదర్శినీ నేనే. అన్నిటికన్నా మించి నాకు సాక్ష్యాలు చెప్పడంలో మహా పేరు.

మా సంఘాల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. దేవుడు తన జీవితంలో చేసిన మేలును విశ్వాసి లేచి నలుగురికీ చెప్పడమే సాక్ష్యం. పవిత్రమైన పని. దాన్ని నేను ఏం చేశానో చూడండి. నాకు పదమూడో ఏట ఒక వీధికుక్క వెంటపడింది. తప్పించుకున్నాను. మొదటిసారి చెప్పినప్పుడు కుక్క ఒకటే. మరుసటేడు మూడయ్యాయి, పైగా వాన. అనకాపల్లి కూటాలకు వెళ్ళేసరికి అవి పిచ్చికుక్కలైపోయాయి, ఎదురుగా లారీ కూడా వచ్చింది. జనం కళ్ళు తుడుచుకున్నారు. నిజానికి ఆ కుక్క నా వెంట కూడా పడలేదేమో. దాని పనిమీద అది ఎటో పోతుంటే నేనే దానికి ముందు పరుగెత్తి ఉంటాను.

ఇలాంటి నోరున్న వాడికి ప్రచారం ఉద్యోగం దొరికింది. పెట్రోలు బంకులో అగ్గిపెట్టెలు అమ్ముకోమన్నట్టు.

ఉద్యోగం ఏమిటంటే చోడికి ప్రచారం చేయడం. రాగులంటారే, అవే. మా ఉత్తరాంధ్రలో చోళ్ళంటాం. రైతులు మార్కెట్లో అమ్మే ప్రతి బస్తా మీదా కొంత మినహాయించి ఒక నిధిగా పెడతారు. ఆ నిధితో పట్నాల్లో చోడి వాడకం పెంచాలి. ఆ పని ఒక కంపెనీకి అప్పగించారు. రైతుల సొమ్ముతో, రైతుల పేరు మీద ఎవడూ అబద్ధాలాడకుండా చూడటానికి ప్రభుత్వం ఒక పర్యవేక్షణ బృందాన్ని పెట్టింది. మేం జనంతో ఏం మాట్లాడాలన్నా ముందు వాళ్ళకు చూపించి, ముద్ర వేయించుకోవాలి. ఎంత న్యాయమైన ఏర్పాటో ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో మాత్రం నాకది ఎద్దు నోటికి వేసిన బుట్టలా అనిపించేది.

కంపెనీ ఆఫీసు సీతమ్మధారలో, మేడ మీద రెండు గదులు. మా మేనేజరు భాస్కర్ గారు నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. ముద్ర పడిన కాగితం, నాలుగే నాలుగు వాక్యాలు. చోడి మన ప్రాంతపు పంట. ఇందులో పీచు, కాల్షియం ఎక్కువ. రోజువారీ ఆహారంలో భాగంగా తీసుకోవచ్చు. ఇది వైద్యానికి బదులు కాదు.

"ఇదేంటి సార్, ఇంత చప్పగా ఉంది? ఇది చదివితే కాకి కూడా ఆగి వినదు."

"వినకపోతే పోనీ. నువ్వు చదువు, చదువుతున్నట్టు ఫొటో తీయించుకో, వచ్చెయ్. అంతే మన పని."

మొదటి రోజు ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాను. రెండు పెద్ద క్యాన్ల నిండా చోడి అంబలి, మజ్జిగ కలిపి, తరిగిన ఉల్లిపాయ వేసి. చేతిలో మైకు. అప్పటికి బోట్లు వచ్చి వేలం జోరుగా సాగుతోంది. నేలంతా ఐసు నీళ్ళు, పైన గద్దలు, చుట్టూ అరుపులు. ఆ అరుపుల మధ్య నా నాలుగు వాక్యాలు ఉప్పెనలో ఈల వేసినట్టుంది.

"బావా, ఎవుడాడు?" అన్నాడు వల మోస్తున్న ఒకాయన.

"గవర్మెంటోడు బావా."

"టీకాలేత్తాడేటి?"

"అంబలి పోత్తాడంట."

"అయితే టీకాలు తరవాతేత్తాడు, సూసుకో. ఊరికినే పొయ్యరు."

అప్పుడే వచ్చింది నూకరత్నమ్మ. యాభై దాటిన మనిషి. హార్బరులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని, సీతమ్మధార వీధులన్నీ కాలినడకన తిరిగి అమ్ముతుంది. ఆ కాళ్ళే ఆవిడ దుకాణం. ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

"ఏటి బాబూ అమ్ముతన్నావు?"

"అమ్మడం లేదమ్మా. చోడి గురించి చెబుతున్నాను."

"సోడి గురించా? మాకా?" ఆవిడ వెనక్కి తిరిగి గొంతెత్తింది. "ఓలమ్మా, ఇనండర్రా! ఈ బాబు మనకి సోడంబలంటే ఏటో సెప్తాడంట! మా యమ్మ నాకు పాలు మానిపించి పోసింది సోడంబలేరా నాయనా. రేపు ఇంకోడొచ్చి ఉప్పంటే ఏటో సెప్తాడు!"

హార్బరంతా నవ్వింది. వేలం పాడేవాడు కూడా పాట ఆపి నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాక్ష్యం చెబితే ఏడ్వాల్సిన జనం నవ్వుతారా? కాగితం మడిచి జేబులో కుక్కాను. కళ్ళు మూసుకున్నాను. మైకు రెండు చేతులా పట్టుకున్నాను.

"నా కన్నతండ్రి!" అని అరిచాను.

తలలన్నీ నావైపు తిరిగాయి.

"నా కన్నతండ్రి చావు అంచు దాకా వెళ్ళాడు! షుగరు! పట్టుకున్న మంచం విడవలేదు! డాక్టర్లు చేతులెత్తేశారు! పూటకు గుప్పెడు మాత్రలు! ఒక ఉదయాన ఆ మాత్రలన్నీ పట్టుకెళ్ళి అవతల పారేశాడు! గ్లాసెడు చోడి అంబలి ఎత్తాడు! ఇవాళ ఆ మనిషి మూడంతస్తుల మెట్లు ఒక్క ఊపులో ఎక్కుతాడు!"

సరిగ్గా ఆ సమయంలో నా కన్నతండ్రి దువ్వాడలో ఇడ్లీ తిని, షుగరు మాత్ర వేసుకుని, పేపరు చదువుకుంటున్నాడు. మా ఇంటికి మూడంతస్తులు లేవు. ఒక్క అంతస్తే. నా సాక్ష్యంలో నిజం ఎంతంటే, అంతకు ముందు నెలలో మాత్రలు అయిపోతే ఆయన బద్ధకించి రెండు రోజులు కొనుక్కోలేదు. ఆ రెండు రోజులూ అమ్మ చేత తిట్లు తిన్నాడు. అంబలి మాత్రం తాగలేదు. ఆయనకు అంబలంటే పడదు.

ఊపు మీద ఉన్నాను కదా, ఆగలేదు. కూటాల్లో ప్రసంగం చివర చేసేదంతా చేశాను.

"అందరూ తలలు వంచండి. కళ్ళు మూసుకోండి. ఎవరూ ఎవరినీ చూడొద్దు. ఇవాళ్టి నుంచి నా జీవితాన్ని చోడికి మార్చుకుంటాను అనేవాళ్ళు కుడి చెయ్యి ఎత్తండి. ఉన్నచోటే ఎత్తండి. అదిగో, అక్కడొక చెయ్యి చూస్తున్నాను... ఇంకో చెయ్యి..."

నమ్మండి, ఎత్తారు! అంత పెద్ద జాలర్లు, తుపానుకు కూడా తల వంచనివాళ్ళు, తలలు వంచి చేతులెత్తారు. ఆ అదనులో ఒక గద్ద రివ్వున దిగి నూకరత్నమ్మ గంపలోంచి ఒక కానాగంత చేపను ఎత్తుకుపోయింది.

"ఓర్నాయనో, నా సేప! కల్లు మూయించి గద్దలకి దానం సేయిత్తన్నావేట్రా!"

అయినా ఆవిడ వెళ్ళిపోలేదు. రెండు గ్లాసుల అంబలి తాగి, మెల్లగా నా దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

"బాబూ, నాకూ సుగరే. మీ నాన్న నిజింగా మాత్తర్లు ఒగ్గేసినాడా?"

ఇదిగో, ఇక్కడే నవ్వు ఆపండి. మైకు లేదు, జనం లేరు. ఒక మనిషి నిలబడి నా ముఖంలోకి చూస్తూ ఒక్క ప్రశ్న అడిగింది. "లేదమ్మా, ఊరికే ఊపులో అన్నాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక దగ్గు దగ్గినంత. ఆ గాడిద ఏమన్నాడో తెలుసా?

"నా ముఖం చూడమ్మా. అబద్ధం చెప్పేవాడిలా ఉన్నానా?"

ఆవిడ చూసింది. "లేవు బాబూ" అంది. నా ముఖాన్ని ఈ లోకంలో అంత గౌరవంగా చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు.

మరునాటి నుంచి నా పంట పండింది. క్యాన్లు అరగంటలో ఖాళీ అవుతున్నాయి. భాస్కర్ గారు ఫొటోలు చూసి పొంగిపోయాడు. వంచిన తలలు, ఎత్తిన చేతులు.

"ఇదేంటయ్యా ప్రసాదూ! ఇన్ని చేతులు ఓట్లడిగేవాళ్ళకు కూడా లేవవు. కాగితం జేబులో ఉంచు, నోరు బయట ఉంచు. నేనేమీ వినలేదు, నువ్వేమీ చెప్పలేదు."

నెలన్నర పాటు ఊరంతా తిరిగి మా నాన్నను చంపి బతికించాను. ఒకచోట ఆయన చూపు పోయి తిరిగొచ్చింది. ఇంకోచోట కోమా నుంచి లేచి మొదట అడిగింది అంబలే. హార్బరులో నన్ను పాస్టరు బాబూ అని పిలవడం మొదలుపెట్టారు. కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. లోపల గిలిగింతలు పెట్టినట్టుండేది.

అప్పుడు పర్యవేక్షణ బృందం నుంచి నోటీసు వచ్చింది. ఎవరో నా ప్రసంగాన్ని ఫోన్లో తీసి పంపారు. ఆమోదం లేని ఆరోగ్య ప్రకటనలు చేస్తున్నారు, వెంటనే ఆపండి, ఫలానా రోజు విచారణకు వచ్చి సంజాయిషీ ఇవ్వండి అని. సంతకం, వసంతకుమారి, పర్యవేక్షణాధికారి.

నాకు కోపం నెత్తికెక్కింది. తప్పు చేశానన్న భయం కాదు, చూడండి, కోపం! నీతిమంతులకు హింసలు తప్పవని చిన్నప్పటి నుంచి విన్నాను కదా, ఇదే ఆ హింస అనుకున్నాను. బైబిల్లో భక్తుణ్ణి పడేసిన సింహాల గుహ ఇన్నాళ్ళకు నా పేరు మీద తెరుచుకుందని సంబరపడ్డాను. పైగా ఉపవాసం కూడా పెట్టాను. దేవుడు ఆ ఉపవాసాన్ని చూసి ఏమనుకున్నాడో.

ఇంట్లో మా నాన్న చేతికి ఆ నోటీసు దొరికింది. ఆయన నెమ్మదిగా కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"ఏరా, నేను మాత్రలు పారేశానా?"

"అది సాక్ష్యం నాన్నా."

"పొద్దున్నే నీ ఎదురుగానే కదరా వేసుకున్నాను?"

"సాక్ష్యంలో కొంచెం ఆత్మీయమైన విస్తరణ ఉంటుంది నాన్నా. మీకర్థం కాదు."

"ఓహో. అబద్ధానికి ఇప్పుడు అంత పొడుగు పేరు పెట్టారన్నమాట. నన్ను మంచాన పడేశావు, కోమాలోకి పంపావు. పాడె కట్టడమొక్కటే మిగిలింది. అదెప్పుడో చెప్తే స్నానం చేసి కూర్చుంటాను."

మీరైతే అక్కడికి ఆగిపోయేవారు. నేను ఆగలేదు. స్వస్థత కూటాల్లో బాగుపడిన మనిషిని వేదిక ఎక్కించి చూపిస్తారు కదా. నేనూ ఒక సజీవ సాక్షిని తీసుకెళ్ళి ఆ అధికారి ముందు నిలబెడితే ఆమె నోట మాట రాదనుకున్నాను. నేరుగా హార్బరుకు వెళ్ళి నూకరత్నమ్మను పట్టుకున్నాను.

"ఎలా ఉన్నావమ్మా?"

"బావున్నాను పాస్టరు బాబూ. నువ్వు సెప్పిన కాడి నుంచి మాత్తర్లు ఒగ్గేసినాను. రెండు పూటలా అంబలే. కొంచెం నీరసంగుంటాది, దాహమేత్తాది. అయినా బావుంది."

స్తోత్రం, స్తోత్రం అని గంతులేశాను. అప్పుడు చూశాను, ఆవిడ ఎడమకాలికి చెప్పు లేదు, గుడ్డ చుట్టి ఉంది.

"కాలికేమైంది?"

"ఐసు పెట్టి పడినాది బాబూ. పది రోజులయ్యింది. ఇసిత్రమేటంటే, నొప్పే లేదు."

నొప్పే లేదు! ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు, ఆనందంతో. ఇంటికెళ్ళి నా సంజాయిషీలో ఆఖరి వాక్యంగా చేర్చాను: "సదరు సాక్షికి కాలి మీద ఐసు పెట్టె పడినను నొప్పి కలుగలేదని మనవి." కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసిన చేతిని ఏం చేయాలో మీరే చెప్పండి.

విచారణ రోజున ఆ ప్రభుత్వ కార్యాలయంలో లిఫ్టు పాడైంది. నూకరత్నమ్మ రెండంతస్తులు కుంటుకుంటూ ఎక్కింది. నేను ముందు నడుస్తూ, వచ్చేపోయేవాళ్ళతో "చూశారా, మెట్లెక్కుతోంది!" అంటున్నాను.

వసంతకుమారి గారు నేననుకున్న సింహంలా లేరు. సన్నటి మనిషి, నేత చీర, బల్ల మీద ఒక ఫైలు, ఒక మంచినీళ్ళ సీసా. భాస్కర్ గారు అప్పటికే వచ్చి కూర్చుని, నన్ను ఈ జన్మలో చూడనట్టు గోడ వైపు చూస్తున్నాడు.

"మేడమ్, మేం ఇచ్చింది మీరు ముద్ర వేసిన కాగితమే. ఈ అబ్బాయి అత్యుత్సాహంతో చేసిందానికి కంపెనీకి సంబంధం లేదు" అన్నాడు. నోరు బయట ఉంచమన్న ఆ నోటితోనే. నాకు మండింది గానీ, మండాల్సినంత తీరిక దొరకలేదు.

"ప్రసాద్ గారూ, మీ నాన్నగారు మాత్రలు మానేశారా?" అని ఆమె అడిగారు.

"ఆత్మీయంగా చెప్పాలంటే..."

"ఆరోగ్యపరంగా చెప్పండి."

"ఒక రెండు రోజులు..."

"ఎందుకు?"

"దుకాణానికి వెళ్ళడానికి బద్ధకించి."

గది మూలన టైపు చేస్తున్నాయన దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను ఛాతీ విరుచుకున్నాను.

"మేడమ్, నా మాట వదిలేయండి. సజీవ సాక్షిని తెచ్చాను. నూకరత్నమ్మా, రామ్మా, నిలబడు. జరిగింది చెప్పు."

ఆవిడ చేతులు జోడించింది. "నాను సేపలమ్ముతానండి. ఈ పాస్టరు బాబు సెప్తే సుగరు మాత్తర్లు ఒగ్గేసినానండి. నెలన్నరయ్యింది."

"నేను మానేయమనలేదు మేడమ్, మానేసినవాళ్ళ సాక్ష్యం మాత్రమే..."

ఆమె నావైపు చూడలేదు. చూపు కిందకు దిగింది. "కాలికేమైందమ్మా?"

"ఐసు పెట్టి తగిలినాదండి. నొప్పేటీ నేదు."

"నొప్పి లేదు మేడమ్!" అని కేక పెట్టాను. "అదే అసలు అద్భుతం! చివరి వాక్యం చూడండి, కింద గీత గీశాను!"

వసంతకుమారి గారు లేచి వచ్చారు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నేల మీద మోకాళ్ళూని, ఆ గుడ్డ తన చేతులతో విప్పారు. గదంతా ఒక వాసన కమ్మింది. చేపల వాసన నాకు తెలుసు. ఇది అది కాదు. చిటికెన వేలు నల్లబడి ఉంది.

ఆమె తలెత్తి నాతో చాలా నెమ్మదిగా అన్నారు. "నొప్పి తెలియకపోవడం బాగుపడటం కాదు ప్రసాద్ గారూ. ఆ కాలు చచ్చిపోతోంది. జీపు తీయమనండి."

ఫైలు తెరిచినది తెరిచినట్టే ఉంది. నూకరత్నమ్మను కుర్చీతో సహా నేనూ, టైపు చేసే ఆయనా ఆ రెండంతస్తులూ కిందికి మోశాం. భాస్కర్ గారు తలుపు పట్టుకున్నాడు. ఆయన చేసిన సేవ అది.

ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసే చిన్న యంత్రం అంకె కూడా చూపలేక, తన కొలతకు అందనంత ఉందని చేతులెత్తేసింది. నేను మా నాన్న విషయంలో కల్పించిన డాక్టరు ఎదురుగా నిజంగానే నిలబడి అరుస్తున్నాడు.

"మాత్రలు ఎవడు మానేయమన్నాడమ్మా?"

"ఇదిగో, ఈ పాస్టరు బాబేనండి."

"పాస్టరువా?"

"కాదండీ."

"డాక్టరువా?"

"కాదండీ."

"మరేంటి నువ్వు?"

"చోడి అండీ" అన్నాను. అంతకన్నా సరైన జవాబు నాకు తోచలేదు.

రెండు రోజుల తరువాత ఆ వేలు తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే పాదం, ఆ తరువాత ఏమిటో చెప్పనక్కర్లేదు అన్నాడు డాక్టరు. నేను మంచం పక్కన నిలబడ్డాను. కన్నీళ్ళు పెట్టుకున్నాను. అందులోనూ కొంచెం నటన ఉందేమోనని నామీద నాకే అనుమానం వచ్చింది. నా బతుకు అలా తయారైంది.

"ఏడవకురా పెసాదూ, సిరాకేత్తంది" అంది నూకరత్నమ్మ. పాస్టరు బాబు పోయాడు, ‘రా’ వచ్చింది. "సోడంబలి మా యమ్మ తాగినాది, మా యమ్మమ్మ తాగినాది. అంబలి ఆకలికిరా, రోగానికా? ఆ సంగతి నీకన్నా నాకే బాగా తెల్సు. తెల్సీ ఇన్నాను. ఎందుకో తెల్సా? మైకులో నువ్వేటన్నావో నాకు అక్కర్నేదు. మైకులో అందరూ వాగుతారు. నాను దగ్గరికొచ్చి అడిగితే నా మొకం సూసి సెప్పినావు సూడు. అదిరా నా కోపం."

నేను మోకాళ్ళ మీద కూర్చోబోయాను.

"లెగు, నీ మోకాల్లతో నాకేటి పని? నాను లెగిసి తిరిగేదాకా నా గంప ఎవుడు మోత్తాడు?"

నేనే మోశాను. రెండు నెలలు. సీతమ్మధార ఆడవాళ్ళు నన్ను బేరాల్లో ఎలా నలిపారో అదంతా న్యాయమే.

వేలు తీసేసిన తరువాతి ఆదివారం మా సంఘం పాస్టరు అయ్యగారికి అంతా చెప్పుకున్నాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "సాక్ష్యమంటే చూసినది చెప్పడం. చూడనిది చూశానని పొరుగువాడి మీద పలికితే పది ఆజ్ఞల్లో దానికి అబద్ధ సాక్ష్యమని వేరే పేరుంది, నీకు సండే స్కూల్లోనే నేర్పాను. ఏడాదిపాటు వెనక బెంచీ మీద కూర్చో. ఎవరైనా సాక్ష్యం చెప్పమంటే జ్వరమని చెప్పు. వద్దు, అది కూడా అబద్ధమే. అయ్యగారు వద్దన్నారని చెప్పు."

వసంతకుమారి గారి ఉత్తర్వు తరువాత వచ్చింది. దాన్ని నా చేతికిస్తూ ఆమె ఒక్క మాట అన్నారు. "ఎండలో వంగి కోసినవాళ్ళు బస్తా మీద కొంత వదులుకుని మీ చేతికి ఆ మైకు ఇచ్చారు. రేపు చోడి అనగానే ఈ ఊరికి కుళ్ళిన కాలు గుర్తొస్తే, వాళ్ళు ఎవరికి చెప్పుకోవాలి?" ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ఉత్తర్వు ఏమిటంటే, మాట్లాడిన ప్రతిచోటికీ తిరిగి వెళ్ళాలి, చెప్పింది అబద్ధమని చెప్పాలి, ఆ నాలుగు వాక్యాలూ చదవాలి. మా నాన్న తానూ వస్తానన్నాడు. నా మీద ప్రేమతో అనుకునేరు. హార్బరులో నా చేతిలోంచి మైకు లాక్కుని, "నేనేనండీ ఆ కన్నతండ్రిని. చావు అంచు దాకా వెళ్ళొచ్చానట, నాకు తెలియకుండానే వెళ్ళొచ్చాను. నా షుగరు నాకే ఉంది, మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. మీరూ వేసుకోండి" అన్నాడు. చప్పట్లు! నాకు ఏనాడూ పడనన్ని చప్పట్లు. ఇక మీదట ఆయనే వచ్చి మాట్లాడాలని కూడా కోరారు. భాస్కర్ గారి కంపెనీ ఒప్పందం రద్దయింది. ఆయన ఇప్పుడు వేరే జిల్లాలో వేరే పంటను పొగుడుతున్నాడని విన్నాను. ఆ పంటను దేవుడే కాపాడాలి.

ఏడాది చివర పర్యవేక్షణ బృందం నివేదిక వెలువడింది. మా కార్యక్రమం గురించి ఎక్కువ రాయలేదు. ఫలితాలు అన్న శీర్షిక కింద ఒక్కటే వాక్యం: "ఈ ప్రచారం వలన మేలు పొందినట్లు రుజువైన వ్యక్తి ఒక్కరు, ఆమె ప్రస్తుతం క్రమం తప్పకుండా మాత్రలు వేసుకొనుచున్నారు."

అందుకని, భూమ్యాకాశాలు సాక్షిగా, ఇది చదువుతున్న మీరు సాక్షులుగా నేను ఇందుమూలంగా ఒట్టు పెట్టుకుంటున్నాను. నా జీవితకాలంలో ఇక ఏ గింజ తరఫునా, ఏ కాయ తరఫునా, ఏ ఆకు తరఫునా సాక్ష్యం చెప్పను. ఉప్మా బాగుందా అని మా ఆవిడ అడిగినా, తిన్నాకే చెబుతాను. ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళు నన్ను సలహా అడిగితే డాక్టరు ఇల్లు చూపించి, వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా గుమ్మంలో నిలబడతాను.

ఇక నాతోపాటు ఒక్క నిమిషం ప్రార్థించండి. మీరు ఏ దేవుణ్ణి పిలిచేవారైనా సరే, పిలవండి. దయగల తండ్రీ, ఈ పూట కూడా నూకరత్నమ్మ గంప ఎత్తుకుని సీతమ్మధార మెట్టలెక్కుతోంది. నా వల్ల పోయింది పోగా ఆమెకు మిగిలిన తొమ్మిది వేళ్ళనూ నీ చేతుల్లో పెట్టి నడిపించు. ఆమెన్ అనండి. గట్టిగా అనండి, ఆవిడకు వినపడాలి.